కొండ మీద ఫిల్మ్‌నగర్, కొండ కింద కృష్ణానగర్: చవక ఫోను కథ

ఈ ఎపిసోడ్‌లో సినిమా గురించి కాదు, సినిమావాళ్ళ చేతిలో ఉండే ఫోన్ గురించి మాట్లాడతాను. హీరోల ఐఫోన్ గురించి కాదండీ. జూనియర్ ఆర్టిస్టు, లైట్‌బాయ్, ప్రొడక్షన్ అసిస్టెంట్... వీళ్ళ ఫోన్ గురించి.

నేను 2001లో కృష్ణానగర్ వచ్చాను. కొండ మీద ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్. కొండ కింద మేము. అప్పుడు మా అందరికీ ఉన్నది పీపీ నంబర్. అంటే వీధి చివర ఎస్‌టీడీ బూత్ ఆయన నంబర్. రాత్రి తొమ్మిదింటికి మేనేజర్ ఫోన్ చేసి, "రేపు పొద్దున ఆరింటికి పంపండి" అనేవాడు. బూత్ ఆయన కుర్రాణ్ణి పంపిస్తే పని ఉన్నట్టు, మర్చిపోతే లేనట్టు. అలా నాకు ఒకసారి పది రోజుల షెడ్యూల్ పోయింది. కబురు మర్నాడు సాయంత్రం అందింది. ఎవర్ని అంటాం?

మరి సెల్‌ఫోన్ లేదా అంటే, ఉంది. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న వెళ్ళింది. కానీ మొదట్లో నిమిషానికి 16 రూపాయల దాకా ఉండేది. వచ్చిన కాల్‌కి కూడా డబ్బులే! ఫోన్ మోగితే భయపడే రోజులు అవి. నిర్మాతలకీ, పెద్ద డైరెక్టర్లకీ తప్ప మా బోటివాళ్ళకి ఎక్కడిది?

మార్పు ఎలా వచ్చిందో చూడండి. సీడీఎంఏ అని ఒక టెక్నాలజీ. దేశంలో ఆ సర్వీసు మొదట మొదలైంది మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే, టాటా టెలీసర్వీసెస్ వాళ్ళది. డబ్ల్యూఎల్ఎల్ అనేవాళ్ళు. అంటే ఇంటిదాకా తీగ లాగకుండా గాల్లోంచి ఇచ్చే ల్యాండ్‌లైన్ అన్నమాట. లైసెన్సు ల్యాండ్‌లైన్‌ది కాబట్టి ఖర్చు తక్కువ. కానీ ఊరు దాటితే పనిచెయ్యకూడదని షరతు. "ఇది దొడ్డిదారి, మేము సెల్యులార్ లైసెన్సులకి కోట్లు కట్టాం" అని జీఎస్‌ఎం కంపెనీలు కోర్టుకెళ్ళాయి. వాళ్ళ బాధలో కూడా న్యాయం ఉంది. చివరికి 2003 నవంబర్‌లో ప్రభుత్వం ఒకే లైసెన్సు విధానం తెచ్చింది. ఫీజు కట్టి ఎవరైనా పూర్తి మొబైల్ సర్వీసు ఇవ్వచ్చు అంది.

ఈలోపు 2002 డిసెంబర్ 28న ధీరూభాయ్ 70వ జయంతి నాడు రిలయన్స్ దిగింది. 2003లో 501 రూపాయలు కట్టు, ఫోన్ పట్టుకెళ్ళు అంది. తమ నెట్‌వర్క్‌లో నిమిషానికి 40 పైసలు. అదే ఏడాది మే నుంచి ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది. అసలు విప్లవం ఈ ఇన్‌కమింగ్ ఫ్రీయే అంటాను నేను. ఎందుకంటే పని వెతుక్కునేవాడికి కావాల్సింది ఫోన్ చెయ్యడం కాదు, ఫోన్ రావడం!

కృష్ణానగర్‌లో గదికొక ఫోన్, తర్వాత మనిషికొక ఫోన్. బూత్‌లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిస్డ్ కాల్ ఒక భాష అయిపోయింది. ఒకటిస్తే బయల్దేరాను, రెండిస్తే బస్సు దిగాను.

కానీ చవకలో మెలిక ఉంది. 501 మొదటి వాయిదా మాత్రమే, నెలనెలా కట్టాలి. చాలామంది కట్టలేకపోయారు, కంపెనీకి బాకీలు పేరుకుపోయాయి. పైగా ఆ ఫోన్లలో సిమ్ మార్చుకునే వీలు లేదు. నంబర్ సెట్‌లోనే ఉండేది. సెట్ పాడైతే షాపుకి పరుగు. ప్రీపెయిడ్ వచ్చాకే మాలాంటివాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. 2009లో టాటా డొకొమో సెకనుకి పైసా అంది. మిగతావాళ్ళూ దిగొచ్చారు.

ఆ పోటీలో గెలిచిందెవరు? 2012లో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. తర్వాత రెండు మూడేళ్ళలో ఎయిర్‌సెల్ దివాలా తీసింది. రిలయన్స్ కమ్యూనికేషన్స్ మొబైల్ సర్వీసు ఆపేసింది. టాటా వాళ్ళది ఎయిర్‌టెల్‌లో కలిసింది. ఐడియా, వొడాఫోన్ ఒకటయ్యాయి. సామాన్యుడికి చవక ఫోన్ నేర్పిన కంపెనీలే ముందు పోయాయి. ఇప్పుడు ప్రైవేటులో మిగిలింది ముగ్గురు, ప్రభుత్వం తరఫున బీఎస్‌ఎన్‌ఎల్.

డేటా చవకే, కాదనను. కానీ డేటా అక్కర్లేని మనిషి సంగతి? 2018 చివర్లో ఇన్‌కమింగ్ కావాలన్నా కనీసం 35 రూపాయలు వెయ్యాలన్నారు. 2024 జులైకి ఎయిర్‌టెల్‌లో 28 రోజుల ప్యాక్ 199. పైగా 28 రోజులు అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జిలు. పేరుకి ఇన్‌కమింగ్ ఫ్రీ!

మా గదిలో ఉన్న ఒక జూనియర్ ఆర్టిస్టు 2020లో షూటింగులు ఆగితే ఊరెళ్ళిపోయాడు. తిండికే కష్టం, రీఛార్జ్ ఎక్కడ? మరుసటి సంక్రాంతి తర్వాత వచ్చేసరికి ఆ నంబర్ ఇంకెవరికో ఇచ్చేశారు. పదిహేనేళ్ళుగా మేనేజర్లందరి దగ్గరా ఉన్న నంబరది. వాళ్ళు ఫోన్ చేస్తే ఎవరో తెలియనాయన "రాంగ్ నంబర్" అంటున్నాడు. బ్యాంకు ఓటీపీలూ దానికే. మళ్ళీ ఆఫీసులన్నీ తిరిగి, కాగితం మీద కొత్త నంబర్ రాసిచ్చుకుంటూ వచ్చాడు. 2001లో నేను తిరిగినట్టే.

అందుకే రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, 90 రోజులు వాడకపోయినా బ్యాలెన్స్‌లో 20 రూపాయలుంటే ప్రీపెయిడ్ నంబర్ తీసెయ్యకూడదని ట్రాయ్ నిబంధన 2013లోనే పెట్టింది. రెండు, డేటా లేకుండా కాల్స్, ఎస్‌ఎంఎస్‌లకే ప్యాక్‌లు ఇవ్వాలని 2024 డిసెంబర్‌లో ట్రాయ్ చెప్పింది. ఏడాది దాకా వ్యాలిడిటీ ఇవ్వచ్చు. షాపులో అడగండి, అడక్కపోతే చెప్పరు. ఊళ్ళో అమ్మానాన్నలకి అదే వేయించండి.

నా మాట ఒక్కటే. పనివాడికి నంబర్ అంటే అడ్రసు. నెల అద్దె కట్టలేదని ఇల్లు ఖాళీ చేయిస్తారు సరే, అడ్రసే చెరిపేస్తే మనిషిని ఎక్కడ వెతుకుతారు?

మీ మొదటి ఫోన్ ఎప్పుడు కొన్నారో, ఎంతకి కొన్నారో చెప్పండి. మళ్ళీ కలుద్దాం. ఉంటాను.