పట్టిన చేయి లెక్క చెప్పవలెను
(మగ్గముల పేటలో జరిగిన సభలో మా సంఘము పక్షమున చేసిన ఉపన్యాస పాఠము)



నేడు మేము ప్రస్తావింపబోవు విషయము కొందరికి స్వల్పముగా తోపవచ్చును. నూలు ధర, బీడీ కూలి, పిల్లల చదువు ఇవన్నియు ఉండగా కుక్కల మాట యేల యని అడుగువారు కలరు. అయినను కన్నా చౌక్ మొదలు అశోక్ చౌక్ వరకు మన వాడలలో రాత్రివేళ సాంచాల కొట్టమునకు కావలి యెవరో మీకు తెలియనిది కాదు. ఆ కుక్కకు మెడపట్టీ లేదు, కాగితము లేదు. ఇంటివారు పిలిచిన పేరే దానికి గుర్తు. బండివారు పట్టుకొనిపోయిన దినమున అది వీధిదో, ఒక ఇంటిదో వారి కెట్లు తెలియును?

ఈ ప్రశ్న నేడు బలపడుటకు కారణము కలదు. 2025 ఆగస్టు 22వ తేదీన సుప్రీంకోర్టు వీధికుక్కల వ్యవహారమును దేశమంతటికి విస్తరింపజేసినది. నవంబరు 7వ తేదీన బడులు, ఆసుపత్రులు, బస్సు స్టాండులు, రైల్వే స్టేషనులు మున్నగు చోట్లనుండి కుక్కలను తొలగించి ఆశ్రయములలో నుంచవలెనని ఆజ్ఞాపించినది. ఆశ్రయములు పెరిగినకొలది, వానిలోనికి పోయిన ప్రాణులకు జవాబుదారి యెవరను ప్రశ్నయు పెరుగును.

మన వృత్తిలో ఒక నీతి కలదు. సావుకారు తూచి ఇచ్చిన నూలుకు నేతగాడు తూకము ప్రకారము లెక్క చెప్పవలెను. నూలు చేతికి వచ్చినంత మాత్రమున అది తనది కాదు. న్యాయశాస్త్రము చెప్పునదియు ఇదియే. పూర్వము జునాగఢ్ సుంకపు అధికారులు ఒకరి మోటారు బండ్లను పట్టుకొనిరి. అప్పీలు తేలకమునుపే అవి అమ్ముడుపోయినవి. తుదకు బండ్లు తిరిగి ఈయవలెనని తీర్పు వచ్చుసరికి బండ్లే లేవు. ఆ వ్యాజ్యెములో 1967లో సుప్రీంకోర్టు, పట్టుకొన్న ప్రభుత్వము పరుల సొత్తును భద్రపరచవలసిన స్థానమున నున్నదని చెప్పి, వాని వెల చెల్లింపవలసినదే యని నిర్ణయించినది. బండి విషయమున ఇట్లున్నప్పుడు, ప్రాణమున్న జీవి విషయమున బాధ్యత తగ్గునా?

జంతుహింసా నివారణ చట్టము 1960 నాటిది. దాని క్రింద 2017లో వచ్చిన నియమముల ప్రకారము, కేసులో పట్టుబడిన జంతువును పశువైద్యాధికారి పరీక్షించి గుర్తు వేయవలెను. కేసు తేలువరకు దానిని ఆశ్రయములో పోషింపవచ్చును. యజమాని నిర్దోషియని తేలినచో తిరిగి అతనికే అప్పగింపవలెను. చంపిన జంతువును ఎట్లు అప్పగింతురు?

వీధికుక్కలకు సహితము 2023 నియమములు రక్షణ కల్పించినవి. నయము కాని వ్యాధి గలదో, ప్రాణాంతకమైన గాయము తగిలినదో అయినప్పుడే, నియమిత బృందము నిర్ధారించిన పిమ్మట, అర్హుడైన పశువైద్యుడు బాధలేని మరణము కలిగింపవచ్చును. కారణము పుస్తకములో వ్రాయవలెను. వీధికుక్కకే ఇంత విచారణ అవసరమైనప్పుడు, ఒక ఇంటి కుక్కను విచారణ లేక చంపుట యెట్లు చెల్లును?

పిచ్చికుక్క కాటు భయంకరమైనదని మేమును ఎరుగుదుము. ఆ వ్యాధి లక్షణములు పైబడిన పిమ్మట మనుష్యుడు బ్రదుకుట అత్యంత దుర్లభము. బిడ్డల క్షేమము అన్నిటికంటె ముందు. కాని వ్యాధి గలదని బలమైన అనుమానమున్న కుక్కను సహితము వేరుగా నుంచి, సహజముగా మరణించువరకు కనిపెట్టవలెనని నియమము. కావున భయము పేరు చెప్పి తొందరపడుటకు చట్టములో చోటు లేదు.

పరదేశపు ఉదాహరణ మొకటి వినుడు. 2014 అక్టోబరులో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున పెటా అను జంతుసంరక్షణ సంస్థవారు, ఒక సామాన్య కుటుంబపు ఇంటి వసారానుండి మాయా అను చిన్న కుక్కను కొనిపోయి, ఆ దినముననే చంపిరి. అచటి చట్టము అయిదు దినములు వేచియుండుమన్నది. ప్రభుత్వము సంస్థకు 500 డాలర్ల జరిమానా విధించినది. కుటుంబము అంతటితో ఊరకుండక దావా వేయగా, 2017లో సంస్థ క్షమాపణ చెప్పి 49,000 డాలర్లు చెల్లించి రాజీపడినది. సంస్థ సదుద్దేశము గలది కావచ్చును, అయినను లెక్క తప్పలేదు.

మన దేశమున 1960 చట్టము క్రింద మొదటి నేరమునకు జరిమానా పది మొదలు ఏబది రూపాయలు మాత్రమే. మన షోలాపూరు తువాలు వెలకైనను చాలదు! అయితే 2024 జూలైలో అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత 325వ సెక్షను ప్రకారము, కీడు తలపెట్టి జంతువును చంపినవానికి అయిదేండ్ల వరకు జైలుగాని, జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. నష్టపరిహారమునకు సివిలు దావా మార్గము వేరుగా నున్నది.

కావున మన కర్తవ్య మేమి? మొదటిది, కుక్కను నగరపాలికలో నమోదు చేయించి, టీకా వేయించి, ఆ పత్రమును భద్రపరచుడు. మెడపట్టీపై ఇంటి నంబరు వ్రాయుడు, ఛాయాచిత్ర మొకటి ఉంచుడు. రెండవది, పట్టుకొనిపోయిన దినముననే వ్రాతమూలకముగా అడిగి, అందినట్లు ముద్ర వేయించుకొనుడు. నోటిమాటకు సాక్ష్యము లేదు. మూడవది, చంపినారని తెలిసినచో వైద్యుని నిర్ణయము, మరణపు నమోదు నకలు కోరుడు. కార్యాలయము ఈయకున్న 2005 నాటి సమాచార హక్కు చట్టము కలదు. మరాఠీలో దరఖాస్తు వ్రాయలేని పెద్దలకు మా సంఘము వ్రాసి పెట్టును.

నగరపాలికను మేము కోరునది అల్పము. పట్టిన కుక్కను ఏడు దినములు ఉంచుడు. వాని జాబితాను ఛాయాచిత్రములతో ప్రతి వాడలోను, మా వాడలలో తెలుగునను అంటింపుడు. చంపవలసివచ్చినచో కారణము వ్రాసి సంతకము చేయుడు. పట్టు అధికారము మీకు కలదు, మేము కాదనము. పట్టినదానికి లెక్క చెప్పుమని మాత్రమే అడుగుచున్నాము. నూలుకు లెక్క చెప్పి బ్రదికిన జాతి మనది. ప్రాణమునకు లెక్క అడుగుటకు వెనుదీయరాదు.