గాలి ఉంది, నీళ్లే లేవు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తెరచాప పడవల పందేల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. అనంతపురంలో కూర్చుని పడవల మాటేమిటని కొందరు మిత్రులు నవ్వారు. ఆ నవ్వులో న్యాయముంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే సీమ మనది. చెరువు మరవ పారిందంటే ఊరంతా వెళ్లి టెంకాయ కొట్టి వచ్చేవాళ్లం. అయితే గాలికి మాత్రం మనకు కరువు లేదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీద వాన కురిపించి, మన దాకా వచ్చేసరికి గాలినే మిగులుస్తాయి. ఆషాఢపు గాలికి చేనులో పదును ఆరిపోవడం మనమంతా చూసినదే. ఆ గాలిని నమ్ముకునే రామగిరి గుట్టల మీద గాలిమరలు పెట్టారు.

ఆ నైరుతి గాలే హైదరాబాదు హుస్సేన్‌సాగర్ మీద పడవలను నడుపుతుంది. అందుకే అక్కడ సెయిలింగ్ వీక్, మాన్‌సూన్ రెగట్టా వంటి పందేలు వానాకాలంలో జరుగుతాయి. మా అమ్మాయి కాపురం ఆ ఊరిలోనే. 11 ఏళ్ల మనవరాలు పడవ నేర్చుకుంటానంటే ముందు నేను వద్దన్నాను. కాలువ మీద ఉద్యోగం చేసినవాణ్ణి, నీళ్లు మనుషులను తీసుకుపోవడం కళ్లారా చూసినవాణ్ణి. వెళ్లి చూశాక భయం కొంత తగ్గింది. లైఫ్ జాకెట్ లేనిదే పిల్లలను నీళ్లలోకి దిగనివ్వరు. పక్కనే మోటారు పడవ కాపలా ఉంటుంది. పడవను బోల్తా కొట్టించి తిరిగి నిలబెట్టడం ముందుగా నేర్పే పాఠాల్లో ఒకటి.

ఆ పిల్లలు నడిపే పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసం గీసిన నమూనా అది. పొడవు 2.3 మీటర్లు, తెరచాప లేకుండా బరువు 35 కిలోలు. 15 ఏళ్లు వచ్చేవరకు పందేల్లో నడపవచ్చు. ఇటువంటి వాటిని వన్ డిజైన్ పడవలంటారు. అంటే పందెంలో దిగే పడవలన్నీ ఒకే కొలత, ఒకే రకం తెరచాప. డబ్బున్నవాడు పెద్ద తెరచాప కట్టుకుని ముందుకు పోదామంటే కుదరదు.

మరి గెలుపు ఎక్కడుంది? తాళ్లు బిగించడంలో, వదలడంలో ఉంది. ఈ పడవలో తెరచాప పైమూలను ఏటవాలుగా ఒక కర్ర నిలబెడుతుంది, దాని పేరు స్ప్రిట్. దాని తాడు వదులైతే, స్తంభం పైకొస నుండి తెరచాప వెనుక కిందిమూల దాకా ఏటవాలుగా ముడత పడుతుంది. మరీ బిగిస్తే, వెనుక పైమూల నుండి ముందు కిందిమూలకు ముడత వస్తుంది. ముడతను చూసి సరిచేసుకోవాలి. గాలి మందంగా ఉంటే తెరచాపకు కాస్త పొట్ట ఉండాలి, జోరుగా ఉంటే అడుగంచు తాడు లాగి చదును చెయ్యాలి. పడవ నడుమ ఒక పలక ఉంటుంది. ఎదురుగాలిలో దానిని పూర్తిగా దించకుంటే పడవ పక్కకు జారిపోతుంది. గాలివాలులో పైకి లాగితే పడవ తేలికగా పోతుంది. ఏ తెరచాప పడవా గాలికి సూటిగా ఎదురు పోలేదు. ఘాట్ రోడ్డు మలుపుల్లాగా కుడికి కొంత, ఎడమకు కొంత వాలుగా పోవలసిందే.

ఒకనాడు చిన్న పిల్లల పందెం చూడబోయాను. బైనాక్యులర్స్ తెచ్చుకుని గట్టున కూర్చున్నాను. మొదట గాలి లేదు, మా పిల్ల పదో స్థానంలో ఉంది. ఇంతలో నీటి మీద నల్లటి గీతలు లేచాయి, గాలి వస్తోందన్నమాట. ముందుగా గమనించి ఆమె స్ప్రిట్ తాడు బిగించింది. తక్కిన పిల్లలు తడబడుతుండగా నాలుగో స్థానానికి వచ్చింది. నా ఆనందం చెప్పనలవి కాదు. చివరి మలుపు దగ్గర, నీటిలో తేలే బోయ్ అనే గుర్తును దాటుతూ, ఉన్నట్టుండి పడవను అక్కడే గిరగిరా ఒక చుట్టు తిప్పింది. ఐదుగురు దాటిపోయారు. తొమ్మిదో స్థానం దక్కింది.

ఒడ్డుకు రాగానే అడిగాను, "ఏమైందమ్మా?"

"బోయ్‌ను తాకినాను తాతా. తాకితే ఒక చుట్టు తిరగాల. రూలు."

"ఎవరూ చూడలేదు కదా!" అనేశాను.

ఆ పిల్ల బదులు చెప్పలేదు. తెరచాప మడవడంలో మునిగిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉద్యోగంలో కొత్తలో ఒక కాలువ మీద రాత్రిపూట నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం నా పని. ఒక వానరాత్రి లాంతరు పట్టుకుని పోవడానికి బద్ధకించి, ఇంట్లో కూర్చునే అంకె వేశాను. నష్టమేమీ జరగలేదు. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. ఈనాడు మీకు చెబుతున్నాను.

తరువాత ఆ ఆట నియమాలు చదివించుకుని విన్నాను. ప్రతి పడవ వెనుకా రిఫరీ ఉండడు. తప్పు చేసినవారే ఒప్పుకుని శిక్ష తీసుకోవాలి. గుర్తును తాకితే ఒక చుట్టు, ఇతర పడవలతో దారి నియమం తప్పితే మామూలుగా రెండు చుట్లు. అన్నింటికంటే ముందున్న నియమం, ఆపదలో ఉన్నవారికి చేతనైనంత సాయం చెయ్యాలన్నది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో కెనడాకు చెందిన లారెన్స్ లెమ్యూ రెండో స్థానంలో పోతూ, బోల్తాపడిన సింగపూర్ నావికులిద్దరిని చూసి పందెం వదిలి వెళ్లి కాపాడాడు. న్యాయనిర్ణేతలు ఆ పందెంలో ఆయనకు రెండో స్థానమే ఇచ్చారు.

సముద్రం లేదు కాబట్టి మనకెందుకని అనుకోనక్కరలేదు. మధ్యప్రదేశ్ రైతుబిడ్డ నేహా ఠాకూర్ భోపాల్ చెరువులో నేర్చుకుని, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో వెండి పతకం తెచ్చింది. మన చెరువుల్లో నీళ్లు నిలిచిన ఏడాది, పెద్దల కాపలాలో మనవలకు ఈతయినా నేర్పించండి.

నా మనవరాలికి ఆ మాట అన్నందుకు మర్నాడు క్షమించమని అడిగాను. "సరేలే తాతా, వచ్చే ఆదివారం కూడా వస్తావు కదా?" అంది. వెళ్లాను. ఈసారి బైనాక్యులర్స్ తెచ్చుకోలేదు.