నోట్ ఫైలు, టపా, ఒకే డ్రాఫ్టు

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో డ్యూటీ చేసిన ఉద్యోగుల జ్ఞాపకాలను పుస్తకంగా తేవాలని మన సంఘం తలపెట్టింది. పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకున్న ఆ ఉప్పెనను కళ్ళారా చూసినవారు మనలో ఏటేటా తగ్గిపోతున్నారు. కనుక తాత్సారం పనికిరాదు.

కాని ఇప్పుడు జరుగుతున్నదేమిటి? డ్రాఫ్టు ఈమెయిల్లో అందరికీ వెళుతోంది. గుడివాడ వారు తమ ప్రతిలో దిద్దుతారు, అవనిగడ్డ వారు తమ ప్రతిలో. ఒకదానిలో నాగాయలంక శిబిరం అన్నది ఇంకొకదానిలో కోడూరు శిబిరం అయింది. ఎందుకు మార్చారో చెప్పే ఉత్తరం మరెక్కడో ఉంటుంది. ఏది ఫెయిర్ కాపీయో తేల్చేదెవరు?

మన ఆఫీసు ఫైలు గుర్తు తెచ్చుకోండి. కరెంట్ ఫైల్లో వచ్చిన కాగితాలు, నోట్ ఫైల్లో అభిప్రాయాలు. గుమాస్తా నోటు పెడితే, సూపరింటెండెంటు దాని కిందనే తన మాట రాసి, సంతకం చేసి తేదీ వేసేవారు. పై నోటును ఎవరూ చెరపరు. డ్రాఫ్టు మాత్రం ఒక్కటే. (ఫైలు కదలడానికి నెలలు పట్టేదనుకోండి, అది వేరే సంగతి!)

కంప్యూటరులో ఈ ఏర్పాటునే వికీ అంటారు. హవాయి భాషలో ఆ మాటకు 'త్వరగా' అని అర్థం. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ దీన్ని మొదలుపెట్టాడు. వెన్న నాగార్జున గారి చొరవతో 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో చూడండి: ప్రతి వ్యాసానికీ ఒక 'చర్చ' పేజీ, ఎవరు ఎప్పుడు ఏ మాట మార్చారో చూపే 'చరిత్ర', ఉమ్మడి విషయాలకు 'రచ్చబండ'. 'వీక్షణ జాబితా'లో చేర్చుకున్న పేజీ మారితే మనకు ఈమెయిలు వచ్చేటట్లు పెట్టుకోవచ్చు.

అయితే మన జ్ఞాపకాలు వికీపీడియాలోనే పెడితే నిలవవు. అక్కడ అచ్చయిన ఆధారం అడుగుతారు, అడగడం న్యాయమే. మీడియావికీ అనే ఆ సాఫ్ట్‌వేరు ఉచితమే గనుక మన సంఘానికి విడిగా పెట్టుకుందాం.

ఈమెయిలు తప్ప మరేదీ తెరవని వారు మనలో చాలామంది. వారిని నేర్చుకోమని ఒత్తిడి చేయవద్దు. వారి జవాబును ఒక సభ్యుడు పేరు, తేదీతో సహా చర్చ పేజీలో ఎక్కించాలి. చనిపోయినవారి పేర్లు, సంఖ్యలు మాత్రం చెప్పిన వ్యక్తి అంగీకారం లేకుండా ఎవరూ దిద్దరాదు.

బందరు, గుడివాడ, అవనిగడ్డల నుంచి ఒక్కొక్కరు ముందుకు వస్తే, ఆ శిబిరం అధ్యాయంతోనే ప్రారంభిద్దాం. అభ్యంతరాలుంటే ఇప్పుడే సెలవివ్వండి.