సీసా మీది అంకె

ఈ పూట పెద్ద పెద్ద జబ్బుల జోలికి పోను. ఫ్రిజ్ తలుపు అరలోనో, అలమారా పై అరలోనో ప్రతి ఇంట్లో ఉండే జ్వరం సిరప్ గురించే మాట్లాడతాను.

పారాసిటమాల్ మంచి మందు, మోతాదు తప్పకపోతే. చిక్కల్లా సీసాల్లోనే ఉంది. మెడికల్ షాపులో అదే పేరుతో రకరకాల సీసాలు ఉంటాయి. నెలల పిల్లల చుక్కల మందులో ఎక్కువగా 1 ఎం.ఎల్.కి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. మామూలు సిరప్‌లో 5 ఎం.ఎల్.కి 120 లేదా 125. ఇంకో సిరప్‌లో అదే 5 ఎం.ఎల్.కి 250. చంటిపిల్లల సీసా కదా, పలచగా ఉంటుందిలే అనుకుంటాం. నిజానికి అన్నిటికంటే ఘాటు అదే.

పది కిలోల బిడ్డనే తీసుకోండి. ఒక్కో మోతాదుకి కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే మహా అయితే 150. 125 సిరప్‌లో అది 6 ఎం.ఎల్., 250 సిరప్‌లో 3, చుక్కల మందులో ఒకటిన్నర. పోయినసారి డాక్టరుగారు 6 పొయ్యమన్నారు కదా అని ఈసారి చేతికందిన చుక్కల సీసాలోంచి 6 పోశామనుకోండి, 600 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టే. నాలుగింతలు! అందుకే అమ్మా, ఎన్ని ఎం.ఎల్. అని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఎన్ని మిల్లీగ్రాములు, ఏ సీసాలోంచి అని కూడా అడగండి. ‘మా వాడికి రెండేళ్ళండీ’ అంటే మా డాక్టర్లకి చాలదు, బరువు కావాలి. రెండేళ్ళవాళ్ళలో తొమ్మిది కిలోలవాళ్ళూ ఉన్నారు, పద్నాలుగు కిలోలవాళ్ళూ ఉన్నారు. ఇక వంటింటి చెంచా సంగతి చెప్పక్కర్లేదు, ఏ రెండు చెంచాలూ ఒక్క కొలత కావు. సీసాతో వచ్చిన మూతో, సిరంజో వాడండి.

మోతాదుకీ మోతాదుకీ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి, ఆరైతే ఇంకా మంచిది. రోజు మొత్తానికి నాలుగుసార్లు దాటకూడదు. అమ్మ పొద్దున పోసి ఆఫీసుకి వెళ్తుంది, నానమ్మ ఆ సంగతి తెలియక మళ్ళీ పోస్తుంది. అందుకే పాల లెక్క రాసుకునే గోడ కేలండరు మీదే మందు పోసిన టైమూ రాసేయండి. జలుబు సిరప్ కూడా ఇస్తుంటే దాని లేబుల్ చదవండి. చాలావాటిలో పారాసిటమాల్ ముందే కలిపి ఉంటుంది.

ఎక్కువైతే దెబ్బ కాలేయానికి. పొంచి ఉండే దెబ్బ అది. మొదటి రోజు బిడ్డ ఒకటి రెండు వాంతులు చేసుకుని ఆడుకుంటూనే ఉండొచ్చు. విరుగుడు మందు ఉంది, ఎసిటైల్‌సిస్టీన్. ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. కాబట్టి, ‘బాగానే ఉన్నాడుగా, చూద్దాం’ అని కూర్చోకుండా సీసాతో సహా ఆసుపత్రికి వెళ్ళండి.

జ్వరానికే వాడే ఇంకో మందు ఐబుప్రొఫెన్ సంగతి వేరు. వానాకాలంలో, డెంగీ కాదని తేలేదాకా అది వద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. వాంతులు, విరేచనాలతో నీరసించిన బిడ్డకీ వద్దు, మూత్రపిండాలు తట్టుకోలేవు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ రెండూ కలిపిన సిరప్‌లు ఉన్నాయి, చూసి కొనండి. ఆస్పిరిన్ పిల్లలకి సొంతంగా ఇవ్వనే కూడదు. నిమెసులైడ్ అనే జ్వరం మందుని పన్నెండేళ్ళలోపు వాళ్ళకి ఇవ్వడాన్ని మన ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. ఇంట్లో పాత సీసా ఉంటే పారేయండి.

ఇంకో మాట. మనం మందు పోసేది థర్మామీటరు కోసం కాదు, బిడ్డ బాధ తగ్గడానికి. 101 ఉన్నా ఆడుకుంటున్న బిడ్డకి మందే అక్కర్లేదు. నిద్రపోతుంటే లేపి పొయ్యనక్కర్లేదు. ఫిట్స్ వస్తాయేమోనని ముందుగా పోస్తారు కొందరు. జ్వరం ఫిట్స్‌ని ఈ మందు ఆపలేదు. కానీ మూడు నెలలు నిండని పసిగుడ్డుకి 100.4 ఉన్నా, దాటినా ఈ లెక్కలేవీ పనికిరావు. ఇంట్లో మందు పోసి తెల్లారేదాకా చూడకండి, ఆ రాత్రే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.