మధుమేహము – నాడీక్షయము
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



అరికాళ్లు మండుచున్నవనియు, చీమలు ప్రాకుచున్నట్లున్నదనియు, తుదకు కాలిచెప్పు జారినను తెలియకున్నదనియు మన పెద్దలు చెప్పుచుండ, వయోధర్మమని త్రోసివేయుచున్నాము. మధుమేహము గలవారియందు అది తరచుగా నాడీక్షయ చిహ్నమని విన్నవించుటకే మేము నిలిచితిమి.

ప్రమేహ పూర్వరూపములలో అరచేతుల, అరికాళ్ల మంటను సుశ్రుతాచార్యులు పేర్కొనియున్నారు. లక్షణము ప్రాచీనులెరిగినదే, హేతువులలో నొకదానిని ఆధునికులు కనుగొనుచున్నారు.

కట్టె మండినచో వేడిమితోపాటు పొగయు పుట్టును. అట్లే శరీరకణములు చక్కెరను విరిచి శక్తిని గ్రహించునపుడు మిథైల్‌గ్లయాక్సాల్ అను పదార్థము స్వల్పముగా పుట్టుచుండును. వంటయింటి పొగగూడువలె గ్లయాక్సలేజ్ అను ఎంజైము దానిని నిరపాయముగా మార్చుచుండును. ఈ ఎంజైమును శాస్త్రజ్ఞులు 1913లోనే గుర్తించిరి. రక్తమున చక్కెర మితిమీరినచో పొగ హెచ్చును, గూడు చాలదు. అంతట నా పదార్థము మాంసకృత్తులనంటుకొని వాని స్వభావమును చెరచును. నొప్పిని తెలుపు నాడులలోని యొక సోడియము ద్వారమును ఇది మార్చి, వానిని అతిగా ఉద్రేకింపజేయునని జర్మనీదేశమున హైడెల్‌బర్గు నగరమందలి ఆంజెలికా బీర్‌హౌస్ ప్రభృతులు 2012లో చిట్టెలుకలయందు చూపిరి. నాడీక్షయమునకు ఇదియొక్కటియే కారణమనరాదు. నాడులను పోషించు సూక్ష్మరక్తనాళములు చెడుటయు కలదు. బి12 విటమిను లోపమును, మద్యపానమును ఇట్టి తిమ్మిరినే కలిగించును గనుక వైద్యపరీక్ష అవశ్యము.

మంటకంటె మొద్దుబారుట భయంకరము. మంట మనుష్యుని వైద్యునియొద్దకు పంపును; మొద్దుబారిన కాలు ముల్లు గ్రుచ్చుకొన్నను ఊరకుండును. వేసవిలో గుడిబండలపై ప్రదక్షిణముచేసి, ఇంటికి వచ్చినపిదప బొబ్బలను చూచుకొనువారు కలరు. ఆ పుండు ముదిరి పాదమును తీసివేయవలసివచ్చినచో సంసారమే కుంటుపడును.

చక్కెరను కట్టుదిట్టముగా అదుపుచేసినచో, ఇన్సులినే ఆధారమైన మొదటిరకపు మధుమేహులలో నాడీరోగము 60 శాతము తగ్గునని 1993లో వెలువడిన అమెరికా పరిశోధన తెలిపినది. పెద్దవయసున వచ్చు రెండవరకమున ఫలమింత అధికము కాదు. అందు బరువును, రక్తపుపోటును గూడ గమనింపవలెను. క్షీణించిన నాడిని పూర్వస్థితికి తెచ్చు మందు నేటికిని లేదు. కావున ముందుచూపే రక్ష.

దాతలకు మా మనవి యొక్కటి. వచ్చు మహాసభలో భోజనశాలప్రక్కనే పాదపరీక్షకొక పందిరి వేయింపుడు. కావలసినవి పదిగ్రాముల ఒత్తిడినిచ్చు నైలాను పోగు, ఒక శ్రుతిదండము, ఒక వైద్యుడు. విద్యార్థులకు వేతనములిచ్చు చేతులకు ఇది భారము కానేరదు. పెద్దల పాదములకు మ్రొక్కు ఆచారము మనకు కలదు. మ్రొక్కు పిల్లలు ప్రతిరాత్రియు ఆ అరికాళ్లను దీపపువెలుగున చూతురుగాక!