పేడలోని వంటచెరకు

(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన కంటోన్మెంటులో ఎనుములను, ఆవులను సాకు ఇండ్లలో పేడకు రెండే గతులు. పిడక చేసి కాల్చినచో వంట సాగును గాని, చేనికి పోవలసిన నత్రజని పొగతో పోవును. ఆ పొగను పీల్చువారు మన ఆడవారు. దిబ్బకు చేర్చినచో ఎరువు దక్కును, మంట దక్కదు. గాలి చొరని తొట్టిలో పేడను పులియనిచ్చినచో రెండును దక్కును. మీథేను వాయువు పొయ్యికి వచ్చును. నత్రజని చాలవరకు మడ్డిలోనే నిలుచును.

ఇది నిన్న మొన్నటి మాట కాదు. 1950ల దశకములో జశ్‌భాయి పటేలుగారు తేలియాడు ఇనుప డ్రమ్ముతో ఒక తొట్టిని రూపొందించగా, 1960ల నుండి ఖాదీ గ్రామోద్యోగ కమిషను దానిని గ్రామములకు చేర్చినది.

లెక్క వినుడు. ఇరువదియైదు కిలోల పచ్చిపేడకు అంతే నీరు కలిపిన సుమారు ఒక ఘనమీటరు వాయువు వచ్చును. ఒక సంసారమునకు రెండు ఘనమీటర్లు కావలెను. అది దాదాపు 900 గ్రాముల సిలిండరు గ్యాసుతో సమానము. అనగా కొట్టములో నాలుగైదు పశువులు, దినమునకు యాభై కిలోల పేడ, నాలుగైదు బిందెల నీరు. చలిలో పులియుట మందగించును గనుక బళ్ళారి ఎండ మనకు చుట్టమే. నీరు మాత్రము కాదు.

తుమకూరు జిల్లా పుర గ్రామ వృత్తాంతము మనకు దగ్గరిది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అమూల్య రెడ్డిగారి బృందము అక్కడ ఊరుమ్మడి తొట్టి కట్టించినది. వంటకని తలపెట్టిరి, ఇంటింటి పొయ్యికి సరిపడు పేడ లేకపోయెను. అంతట 1987 నుండి ఆ వాయువుతో ఇంజను నడిపి, దీపములను, త్రాగునీటిని ఇచ్చిరి. పేడ పోసినవారికి మడ్డి తిరిగి దక్కెను. పొయ్యి కొరకు పట్టుబట్టక నీటికి మళ్ళుటయే వారి వివేకమని నా అభిప్రాయము.

కావున ఒక్క ఆవు గల గృహస్థు సబ్సిడీ చూచి తొట్టి కట్టరాదు. ఒకే సందులోని ముగ్గురు నలుగురు కలియవచ్చును. అయితే దినదినము పేడ కలుపువారెవరు? కోడలే అని ముందే అనుకొనకుడు! తొట్టికి పండుగ సెలవు లేదు. డ్రమ్ముకు ఏటేటా రంగు వేయకున్న తుప్పు పట్టును. 1984లో వచ్చిన దీనబంధు రకమునకు డ్రమ్ము లేదు గాని, గుమ్మటము బీట వారకుండ కట్టగల మేస్త్రీ కావలెను.

ఆసక్తి గలవారు వచ్చే ఆదివారము మొదలు ఏడు దినములు గంపతో పేడను తూచి, వాడగల నీటిని కూడ వ్రాసి సంఘమునకు తెచ్చి ఇండు. ఏ సందులో తొట్టి నిలుచునో ఆ చీటీలను చూచి నిర్ణయింతము.