పాత కారు బంపరునకు రంగు



పాత కారునకు రంగు వేయించుట యనగానే మనకు ఇనుపరేకులే తలపునకు వచ్చును. తుప్పు గీకి, లప్పము పెట్టి, కాగితముతో రుద్ది, రంగు కొట్టుట మన పనివారికి బాగుగా తెలిసిన విద్య. కాని ముందువెనుకల బంపర్లు, ప్రక్క అద్దముల తొడుగులు, తలుపుల వెంట సాగు పట్టీలు, ముందుజాలీ, ఇవి చాలవరకు ప్లాస్టిక్కువి. ఇనుమునకు చేసిన ఉపచారమే వీనికిని చేసినచో రంగు నిలువదు. కొన్ని నెలలకే పాము కుబుసము విడిచినట్లు పొరలు పొరలుగా లేచిపోవును. యజమాని పెయింటరును నిందించును, పెయింటరు రంగుడబ్బాను నిందించును. తరచుగా ఆ డబ్బాయందు దోషమేమియు నుండదు. డబ్బా మూత తీయుటకు ముందు జరుగవలసిన పని జరుగకపోవుటయే దోషము. నేటి ప్రసంగము ఆ పనిని గూర్చియే.

1983 డిసెంబరులో మొదటి బండి వెలువడిన మారుతి 800, 2014 జనవరిలో తయారీ నిలిచిపోయినను, మన యూళ్లలో ఇంకను కనిపించుచునే యున్నది. సొంత వాహనమునకు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. ఆపైన 5 ఏండ్లకొకమారు పునరుద్ధరించుకొనవలెను. అట్టి తరుణమున బండిని ఒకసారి చక్కజేయింతమని పెద్దలు తలచుట సహజము. రేకులకు మెరుగు వచ్చిన తరువాత, తెల్లబారిన బంపరు ఎబ్బెట్టుగా తోచును. “దానికిని ఒక చేయి కొట్టుమోయి” అందురు. ఆ ఒక్కమాటతోనే డబ్బు వృథాయగుటకు దారి యేర్పడుచున్నది.

నల్లని బంపరు ఏల తెల్లబారును? ఎరువుల సంచిని చూడుడు. ఒక వేసవి యంతయు ఎండలో పడియున్న సంచిని చేతబట్టినచో పోగులు పొడియై రాలును. ఆ సంచిని నేసిన పదార్థమును పాలీప్రొపిలీన్ అందురు. చాల బంపర్లకును మూలము అదియే. సూర్యకాంతిలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు గలవు. అవి గాలిలోని ప్రాణవాయువుతో కూడి ఆ పదార్థముయొక్క పొడవైన గొలుసులను తునుకలుగా త్రెంపును. బంపరులో దీపపు మసివంటి నల్లపొడిని కలుపుదురు గనుక, అది కిరణములను తానే పీల్చుకొని సంచికంటె ఎక్కువకాలము కాపాడును. అయినను ఏండ్లు గడచిన కొలది పైపొర చెడి, సుద్దవలె తెల్లని పొడి తేలును. వ్రేలితో రుద్దిన అంటుకొనునది యదియే. ఆ పొడిపై రంగు వేయుట, రాలుచున్న గోడకు సున్నము కొట్టుట వంటిది. సున్నము గోడను పట్టుకొనదు, ఆ పొడినే పట్టుకొనును.

ఈ పాలీప్రొపిలీనును ఇటలీ దేశపు రసాయనవేత్త జూలియో నట్టా 1954లో ఉపయోగకరమైన గట్టి పదార్థముగా రూపొందించెను. జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లరుతో కలిసి ఆయన 1963లో నోబెల్ బహుమానము పొందెను. చవుకది, తేలికది, దెబ్బకు వంగునేగాని పగులదు. దానికొక స్వభావము గలదు. తామరాకుపై నీటిబొట్టు నిలువనట్లు దీనిపై రంగుగాని, జిగురుగాని పట్టు దొరకించుకొనలేదు. కర్మాగారములలో సయితము రంగు వేయుటకు ముందు బంపరు ముఖమును మంటతో లిప్తమాత్రము సోకించుటయో, ప్రత్యేకమైన అంటుద్రవము పూయుటయో చేయుదురు. మన యూరి షెడ్డులో కొందరు గ్యాసుమంటతో బంపరును కాల్చి నలుపు రప్పింతురు. నలుపు వచ్చునుగాని కొలది నెలలకే మరల పోవును. ఆ మంట కొలత లేనిది, ప్రక్కనే పెట్రోలు తొట్టి. నేను దానిని ఎవ్వరికిని చెప్పను.

కావున పెయింటరును మొదట అడుగవలసినది, ఇది ఏ ప్లాస్టిక్కు అని. బంపరును విప్పి వెనుకవైపు చూడవలెను. చాల భాగములపై ఇంగ్లీషు అక్షరములు పోతపోసియుండును. పి.పి. యని యున్నచో మనము చెప్పుకొన్న మొండిజాతి. ఏ.బి.ఎస్. అని యున్నచో సులభముగా రంగు పట్టు జాతి. జాలీలు తరచుగా దీనితో చేయబడును. గుర్తు లేనిచో కనబడని మూలను కాగితముతో రుద్దుడు. పొడిగా రాలినచో ఏ.బి.ఎస్. వంటిది, మైనమువలె సాగి నూగు లేచినచో పి.పి. వంటిది. చిన్న చెక్కును సబ్బునీటిలో వేసి చూచుటయు గలదు. పి.పి. తేలును. అయితే సుద్ధరాతిపొడి కలిపిన పి.పి. మునుగవచ్చును గనుక, మునిగినంతమాత్రమున ఏ.బి.ఎస్. అని నిశ్చయింపరాదు.

విప్పునపుడు తొందర కూడదు. పాతబడిన మరలు, గుచ్చుడు బిళ్లలు చలిలో పుటుక్కున విరుగును. కొంచెము ఎండ తగిలిన తరువాత విప్పుట మేలు.

ఇక కడుగుట. ఈ పనిలో సగముకంటె ఎక్కువ ఇదియే. మనవారు తెల్లబారిన బంపరునకు కొబ్బరినూనె, కిరసనాయిలు, టైరుపాలిషు రాచు అలవాటు గలవారు. ఆ జిడ్డు గరుకుముఖపు సందులలో దాగియుండును. పాలిషులోని సిలికోను ఏ కొంచెము మిగిలినను, రంగు అచ్చటచ్చట చేపకన్నులవలె గుండ్రముగా విడిపోవును. గిన్నెలు తోము సబ్బును గోరువెచ్చని నీటిలో కలిపి, బ్రష్షుతో రెండుమూడు మారులు తోమి, నీరు ధారాళముగా పోయవలెను. ఆరిన పిమ్మట పెయింటు దుకాణములో దొరకు జిడ్డుతీయు ద్రవముతో ఒక గుడ్డను తడిపి తుడిచి, ఆరకముందే వేరొక పొడిగుడ్డతో ఎత్తవలెను. ఒకే గుడ్డతో తుడుచుట జిడ్డును ఇటునుండి అటు త్రోయుటయే. కిరసనాయిలు పనికిరాదు, అదియే జిడ్డు. ఘాటైన థిన్నరు ఏ.బి.ఎస్. భాగములను మెత్తబరచి చీలికలు తెచ్చును. చివర మంచినీరు చల్లి చూడుడు. శుభ్రమైన పి.పి. కూడ నీటిని కొంత విడుచునుగాని అంతటను ఒకేతీరుగా విడుచును. ఒకచోట పరచుకొని మరియొకచోట ముత్యములై నిలిచినచో జిడ్డు మిగిలియున్నదని యెరుగవలెను.

తరువాత రాపిడి. నునుపైన భాగమునకు 400, ఆపైన 600 నంబరు నీటికాగితము చాలును. గరుకుముఖము గల బంపరునకు కాగితము వాడినచో గుట్టల తలలు మాత్రమే అరిగి వికారమగును. అట్టిచోట బూడిదరంగు రాపిడిపీచు వాడవలెను. సుద్దపొడి పోయి, అంతటను మెరుపులేని ఒకే నలుపు తేలువరకు రుద్ది, మరల కడిగి, మరల తుడువవలెను.

పి.పి. జాతికి ఇపుడు ప్లాస్టిక్కు ప్రైమరు అవసరము. ఇది రేకులకు కొట్టు ప్రైమరు కాదు. క్లోరిను చేర్చిన సజాతీయ పదార్థమును ద్రవములో కరగించి చేసినది. ఒక చేతితో ప్లాస్టిక్కును, మరియొక చేతితో రంగును పట్టుకొనును. మందముగా కొట్టినచో ఆ పట్టు పోవును. పలుచగా ఒకటి రెండు పూతలు చాలును. రంగు ఎన్ని నిమిషములలో పడవలెనో డబ్బామీద వ్రాసియుండును, దానిని దాటనీయరాదు. బంపరు వంగునది గనుక రేకుల లప్పముతో లోతైన గీతలు పూడ్చినచో పగులును. వంగెడు లప్పము వేరుగా దొరకును.

రంగును మూడు పలుచని పూతలుగా, ముఖమునకు 20 మొదలు 25 సెంటీమీటర్ల దూరమున, చేతిని ఆపక కొట్టవలెను. పూతకు పూతకు పది నిమిషముల వ్యవధి యుంచవలెను. కాలము విషయములో మన దేశపు సంగతి మనమే చూచుకొనవలెను. రోహిణికార్తె ఎండలో రంగు గాలిలోనే సగమారి ఇసుకవలె పడును. ముసురుపట్టిన రోజులలో గాలిలోని తేమ దిగి రంగు పాలిపోవును. కార్తీకమునుండి మాఘమువరకు, మంచు విడిచిన తరువాత, నీడలో చేయుట యుత్తమము. అయితే అదియే నూర్పుల కాలము. కళ్లము దాపున పెట్టుకొన్నచో ఊక యంతయు బంపరునకే అంటును.

పెద్దలు ముఖ్యముగా గమనింపవలసిన విషయ మొకటి గలదు. గట్టిపరచు ద్రవము కలిపి కొట్టు రెండుభాగముల రంగులలో ఐసోసైనేటులను పదార్థము లుండును. ఆ పొగమంచును పీల్చినవారికి ఉబ్బసము పట్టవచ్చును; ఒకసారి పట్టినచో అటుపిమ్మట అత్యల్పము సోకినను ఊపిరి బిగియును. ముక్కునకు తుండుగుడ్డ కట్టుకొనుట దీనికి రక్ష కాదు. బయటినుండి శుద్ధమైన గాలి గొట్టముద్వారా వచ్చు ముసుగుండవలెను. అది లేని షెడ్డులో ఈ జాతి రంగు వేయింపవద్దు. ఒంటిడబ్బా రంగు కొంచెము తక్కువ కాలము నిలిచినను సరియే. పని నేర్చుకొను పిల్లవానిచేతికి తుపాకి ఇచ్చినచో, యజమానిగా మీరు నిలిచి వలదనవలెను. ఒంటిడబ్బా రంగైనను పొయ్యికి దూరముగా, గాలి యాడుచోటనే కొట్టవలెను.

బంపరు రంగు వెలసినదే గాని పగులలేదు, గరుకుముఖము చెడలేదు అన్నచో, కడిగి రుద్ది ప్లాస్టిక్కునకే చేసిన నల్లమందు పూసి ఊరకుండుట మేలని నా యభిప్రాయము. ఒకమారు రంగు వేసిన భాగమును గులకరాళ్ల బాటపై నడపినచో చెక్కులు లేచును. ఇక దానికి రంగు వేయుచునే యుండవలెను.

వేయింపదలచినచో, మొత్తమునకు పురమాయించకముందు బంపరు అడుగుభాగమున జానెడు మేర మాత్రము ఈ పద్ధతిని వేయింపుడు. రెండుమూడు దినములు ఆరనిచ్చి, బ్లేడుతో నిలువుగా నాలుగు, అడ్డముగా నాలుగు సన్నని గీతలు గీసి, దానిపై గట్టిగా అంటు టేపు నొక్కి ఒక్కసారిగా లాగుడు. గళ్లు గళ్లుగా రంగు టేపుతో వచ్చినచో పని మొదటినుండి చేయవలెను. రాకపోయినచో మిగిలినది నిశ్చింతగా వేయింపవచ్చును. వేసిన తరువాత ఒక వారము బండిని కడుగవద్దు.